తినని పనసపండు, అడిగి చేయించుకున్న టెస్టు

మొన్న ఆదివారం నా పరిస్థితి ఏమైందో వినండి. తప్పు చెయ్యని రోజునే దొరికిపోయాను! చెప్పే ఓపిక కూడా లేదు, అయినా చెప్తాను.

మా బావమరిది వాళ్ల ఊరు చికిటి నుంచి ఇంత పెద్ద పనసపండు మోసుకొచ్చాడు. నాకు షుగరు కదా, తినే యోగం లేదు, ఒలిచే డ్యూటీ మాత్రం నాదే. పొద్దున్నే చేతులకి నూనె రాసుకుని కూర్చున్నాను. ఒక్క తొన నోట్లో పెడితే ఒట్టు! చేతులు తువ్వాలుకి తుడిచేసుకుని, టిఫినుకి ముందు రోజూలాగే వేలు పొడుచుకుని మెషీన్‌లో చుక్క పెట్టాను. నాలుగువందల పన్నెండు!

మా ఆవిడ సావిత్రి చూడనే చూసింది.

"ఏటండీ ఇది? ఎన్ని తొనలు మింగారు? నిజం సెప్పండి."

"ఒక్కటీ తిన్లేదే!"

"మెషీను అబద్ధం సెప్తాదా?"

"మాటలు తర్వాత బావా, ముందు ఆస్పత్రికి ఎల్దాం పదండి" అని బావమరిది ఆటో పిలిచాడు. గోసాని నువాగాం దాటేదాకా సావిత్రి నా మొహం చూడలేదు. నేను పోతానేమో అనిపించింది, నిజంగా.

డాక్టరు చేతి నరం నుంచి రక్తం తీయించి చూశాడు. నూట ముప్ఫై ఒకటి. తర్వాత నా వేళ్లు వాసన చూసి, మా వైపు "అయ్యా" అన్నట్టు మర్యాదకి అనే "ఆజ్ఞా" తగిలిస్తూ నవ్వాడు.

"పనసపండు ఒలిచి సబ్బుతో కడుక్కోలేదు కదా ఆజ్ఞా? మీ మెషీను కొలిచింది వేలి మీది పనసరసాన్ని."

అక్కడితో నోరు మూసుకుని ఇంటికి రావాలా? రాలేదు! నాకు పౌరుషం పొంగింది.

"చూశావా సావిత్రీ! డాక్టరుగారూ, ఆ మూడు నెలల టెస్టు ఉంది కదా, హెచ్‌బీఏ1సీ, అదీ చేసెయ్యండి. ఈవిడ అనుమానం తీరాలి!"

ఆ ఊపులో అసలు సంగతి మర్చిపోయాను. ఆ టెస్టు ఆ పూట సంగతి చూడదు, మూడు నెలల నడవడిక పట్టేస్తుంది. మా స్కూలు స్టాఫ్‌రూములో రోజూ ఇంటర్వెల్‌కి ఛెనాపొడ, అదే, కాల్చిన పాలవిరుగుడు మిఠాయి, "ఒక్క ముక్కే కదా మాస్టారూ" అంటూ చేతికొచ్చేది. నేనూ కాదనలేదు.

సాయంత్రం రిపోర్టు వచ్చింది. తొమ్మిది పాయింట్ నాలుగు. ఇలాగే ఉంటే ఇంకో మూడు నెలలకి ఇన్సులిన్ సూదే అన్నాడు డాక్టరు.

సావిత్రి ఇంటికొచ్చి రెండు టీలు పెట్టింది. ఈ మూడు నెలలూ నాకు తోడుగా తనూ చప్పిడి టీయే తాగింది పాపం, ఎవరికీ చెప్పుకోలేదు కూడా. ఆ రోజు మాత్రం తన గ్లాసులో రెండు చెంచాల పంచదార వేసుకుని, నా ఎదురుగానే కూర్చుని, నెమ్మదిగా కలుపుకుని తాగింది. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ మూడు నెలల టెస్టుకి రక్తం తీసేటప్పుడు నర్సమ్మ అడిగింది, "ఈ టెస్టు డాక్టరుగారు రాశారా?" అని. "లేదమ్మా, నేనే అడిగాను!" అని ఛాతీ విరుచుకుని చెప్పిన మొనగాణ్ని నేను!