మగ్గం గుంటలో అమ్మ కాళ్లు

ఆ ఆదివారం జమ్మలమడుగులో మా ఇంటి మగ్గం చప్పుడు తేడాగా వినిపించింది. నాలుగు దెబ్బలు పడి, ఆగి, మళ్లీ మొదలవుతోంది. అమ్మ గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. నేను పక్కనే కూర్చుని బొరుగులు తింటున్నాను.

"ఏంది మా, ఆగి ఆగి నేస్తాండావు?"

"తొక్కుడు చెక్క మొరాయిస్తాంది పాపా. నువ్వు పోయి చదువుకో."

నమ్మాను. గుంట మగ్గం ముందు కూర్చున్న మనిషి నడుము పైభాగమే బయటికి కనిపిస్తుంది.

నేను ప్రొద్దుటూరులో హెల్త్ కేర్ కోర్సు చదువుతున్నాను. ముసలివాళ్లను, మంచాన పడ్డవాళ్లను ఎలా చూసుకోవాలో నేర్పే చదువు. ఆ నెల మమ్మల్ని పులివెందులలో ఒక ఆసుపత్రికి ట్రైనింగ్‌కు పంపారు. షుగర్ పేషెంట్ల పాదాలు చూడడం నా డ్యూటీ. నైలాన్ పోగుతో అరికాలు తాకి "తెలుస్తాందా పెద్దాయనా?" అని అడిగేదాన్ని. సిస్టర్ మెచ్చుకుంటే పొంగిపోయాను. అమ్మకు ఎనిమిదేళ్లుగా షుగర్. ఆమె పాదాలు మాత్రం ఒక్కసారీ చూడలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టయింది నా పని.

రెండు వారాల తర్వాత ఇంటికి వెళితే, అమ్మ నేస్తున్న గుంటలోంచి వాసన. ఎలుక చచ్చిందేమోనని టార్చి వేశాను. అమ్మ కుడికాలి బొటనవేలికి పాతచీర పీలిక చుట్టి ఉంది. విప్పితే పసుపు, దాని కింద నల్లబడిన వేలు.

"చెక్కకుండే మేకు గీసుకున్యాది. నొప్పి లేదు కదా, మానిందనుకుంటి. మగ్గం మీదుండే చీర అయిపోయినాక చెబుదామని..."

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో రక్తపరీక్షలు, ఎక్స్‌రే, కాలికి రక్తం ఎలా పారుతోందో చూసే డాప్లర్ చేశారు. "న్యూరోపతి. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నాయి. నొప్పి తెలియదు, అదే ప్రమాదం" అన్నారు డాక్టరు. ముందు వేలు తీశారు. పది రోజులకే ఇన్ఫెక్షన్ పైకి పాకింది. "గ్యాంగ్రీన్, కాలు కుళ్లిపోతోంది. బిలో నీ ఆంప్యుటేషన్ చేయాలి, అంటే మోకాలి కింద కాలు తీసేయాలి. ఆలస్యమైతే మనిషే దక్కదు." నాన్న లేరు. సంతకం నేనే పెట్టాను.

కుట్లు ఒకసారి చీముపట్టి మళ్లీ ఆసుపత్రిలో చేరాం. అమ్మ మంచం పక్కన కూర్చుని చదువు మానేస్తానని ఏడ్చాను.

"మానేస్తే నాకు కాలొస్తాదా? పో, కాలేజీకి పో."

ఏడాది దాటింది. పుండు మానింది. గుంట మీద పలకలు పరిచాం. వాటి మీదే కూర్చుని అమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకు దారం కండెలు చుట్టి ఇస్తుంది. నేతకు కాళ్లు రెండూ కావాలి. పక్కింటి మగ్గం ఆడుతుంటే చేతిలో పని ఆపి వింటుంది. అప్పుడు ఆమె ముఖం చూడలేను.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే నొప్పి ఉందా అని అడిగి వదిలేయకండి. వెలుతురులో కూర్చోబెట్టి అరికాళ్లు, వేళ్ల సందులు రోజూ మీ కళ్లతో చూడండి.

నేను ఇంటికి వెళ్లినప్పుడల్లా టార్చి పట్టుకుని అమ్మ ముందు కూర్చుంటాను.

"కాలు సాపు మా."

"యా కాలు పాపా?" అని నవ్వుతుంది.

నాకు నవ్వు రాదు. ఉన్న కాలిని ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే విడదీసి చూస్తాను.