ముగ్గురు మేరీలు, ఐదు గంటల గడువు

ఈ రోజు మధ్యాహ్నం గార్డెన్ రీచ్‌లో మన తెలుగు చర్చి ఆఫీసుకు వెళ్లాను. నర్సింగ్ కోర్సుకు దరఖాస్తు పెట్టుకున్న పదకొండు మంది అమ్మాయిల మార్కుల కాగితాలు సాయంత్రం ఐదులోపు వెబ్‌సైటుకు చేరాలి. సెక్రటరీ సువార్తమ్మగారు వాటిని స్కాన్ చేసి, బాప్తిస్మ రిజిస్టరులో ఉన్నట్టే ఇంటిపేరు, పిల్ల పేరు, తండ్రి పేరు కలిపి ఫైళ్లకు పేర్లుగా పెట్టారు. సాల్ట్ లేక్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే మహేందర్ అన్నీ ఒకేసారి పంపడానికి స్క్రిప్టు, అంటే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం, రాసుకొచ్చాడు. నడిపితే ఒక్కటీ వెళ్లలేదు. పేర్ల మధ్య ఖాళీ చూసి స్క్రిప్టు ఒక్కో ఫైలును మూడు ఫైళ్లనుకుని, అలాంటివి లేవంటోంది.

అప్పటికి నాలుగున్నర.

“అమ్మా, ఫైలుకు పిల్ల పేరొక్కటే పెట్టున్రి, అయిపోతది,” అన్నాడు మహేందర్.

“ఏటి బాబూ, మాకు మేరీలే ముగ్గురున్నారు. ఎవులి మార్కులు ఎవులికి పోతాయో నువ్వు పూచీ పడతావేటి?” అన్నారావిడ.

అతను నవ్వేశాడు. పేర్లు ముట్టుకోకుండా, స్క్రిప్టులో ఫైలు పేరు వచ్చే చోట కొటేషన్ గుర్తులు పెట్టాడు. ఈసారి పేరంతా ఒకటిగానే చదివింది. ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా పదకొండో రసీదు వచ్చింది.

సువార్తమ్మగారు గుమ్మంలోకి వచ్చి, “మేరీ, నీది ఎళ్లిపోనాదే!” అనగానే బెంచీ మీంచి ముగ్గురు లేచారు.

ఇన్నేళ్ల రిపోర్టింగులో ఫారానికి సరిపోయేలా మనుషుల పేర్లు కత్తిరించడమే ఎక్కువగా చూశాను. మీ పేరులో ఏ ముక్కను ఏ ఫారం వదిలేసిందో కింద రాయండి.