పేపర్ కప్పులో కాఫీ

అమెరికాలో ఉత్తరాన ఉన్న నోవైలో మంచు ఎత్తిపోసే ఓపిక లేక, ఫిబ్రవరిలో ముగ్గురూ దక్షిణాన వెచ్చగా ఉండే సవానా వచ్చారు. కార్ల కంపెనీలో ఇంజనీరుగా రిటైరైన జయరాజు, ఆయన స్నేహితుడు డాక్టర్ సూర్యప్రకాశ్, డాక్టరు గారి భార్య ఆండాళ్. కారు డాక్టరు గారిది, డ్రైవింగ్ ఎప్పట్లాగే జయరాజుదే. డాక్టరు గారికి బైపాస్ అయినప్పుడు హాస్పిటల్‌కి తిప్పిందీ ఆయనే, వాళ్ళ వాకిట్లో మంచు తీసిందీ ఆయనే. భార్య ప్రేమజ్యోతి పోయాక జయరాజుకు ఆదివారం చర్చి, మిగతా రోజులు ఆ ఇల్లు. ఆండాళ్ నోరారా "అన్నయ్యగారూ" అంటుంది. ఆ పిలుపు కోసం ఆయన చాలావాటికి కళ్ళు మూసుకున్నాడు.

బానిసల కాలం నాటి మేడ ఒకదాన్ని అక్కడ టికెట్ పెట్టి చూపిస్తున్నారు. ముందు హాలూ, అద్దాలూ, పింగాణీ చూసి ఆండాళ్ మురిసిపోయింది. తర్వాత గైడు, ఒక నల్లజాతి అమ్మాయి, వాళ్ళను పెరటి గుమ్మం గుండా వెనక ఉన్న ఇటుకల కొట్టంలోకి తీసుకెళ్ళింది. బానిసలు ఉన్నది అక్కడే. గోడకు వేలాడుతున్న రేకు కప్పు చూపించి, ఇంటిల్లిపాదికీ వండిపెట్టిన మనిషి ఇందులోనే తాగేదనీ, మేడలోని కప్పులు ఆమె కడగడానికే తప్ప తాగడానికి కాదనీ చెప్పింది.

డాక్టరు గారి కళ్ళు చెమర్చాయి. "చూశావా జయరాజూ! వండింది తింటారట, కప్పు దగ్గరకొచ్చేసరికి పనికిరాదట. వీళ్ళసలు మనుషులేనా? హారిబుల్!"

 బాపట్ల దగ్గర పల్లెలో జయరాజు తల్లి మార్తమ్మ కామందు గారి పెరట్లో వడ్లు దంచేది. ఆమె దంచిన బియ్యం దేవుడి గదిలోకి కూడా వెళ్ళేవి. ఆమె గ్లాసు మాత్రం చూరులో ఉండేది. తాగి, తనే కడిగి, మళ్ళీ చూరులో దోపాలి. ఆ చూరును దాటడానికే ఆయన మిషన్ స్కూల్లో పడి చదివాడు, ఇంత దూరం వచ్చాడు. దాటేశాననే అనుకున్నాడు, పిచ్చి మారాజు.

బయట చెట్ల కింద బెంచీ మీద కూర్చున్నాక ఆండాళ్ ఫ్లాస్కు తీసింది. రెండు స్టీలు గ్లాసులు, ఒక పేపర్ కప్పు. నోవైలోనూ ఇంతే. కడిగే శ్రమ ఎందుకని కాబోలు, అని ఇన్నేళ్ళూ ఆయన తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. వాళ్ళింట్లో డిష్‌వాషర్ ఉంది.

"ఆండాళమ్మా, ఈ పూటకి నాకూ స్టీలు గ్లాసులో ఇవ్వండి."

ఆమె చెయ్యి ఆగింది. కసురుకునే మనిషి కాదు, నవ్వింది. "అయ్యో, అవి ఇంట్లోవాళ్ళవి కదా అన్నయ్యగారూ! మీకు కప్పు అలవాటేగా."

డాక్టరు గారికి వినపడలేదనుకోవడానికి లేదు, పక్కనే ఉన్నాడు. తలెత్తకుండా రేకు కప్పు ఫొటోను వాట్సాప్ గ్రూపులో పోస్ట్ చేస్తున్నాడు.

జయరాజుకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళమీద కొంత, ఇన్నాళ్ళూ తాగిన తనమీద ఎక్కువ. ఆమె పేపర్ కప్పులో పోసిచ్చిన కాఫీని చెట్టు మొదట్లో పారబోసి, కార్ తాళాలు బెంచీ మీద పెట్టాడు.

"ఏంటయ్యా ఇది, చిన్న విషయానికి!" అన్నాడు డాక్టరు గారు.

"మా అమ్మకూ చూరులో గ్లాసుండేది డాక్టరు గారూ. ఆ కామందులు దాన్ని దాచి ఉంచేవాళ్ళు. నాది మీరు రోజూ చెత్తలో పడేశారు."

కప్పును తనే చెత్తబుట్టలో వేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు.