గోల్ఫు మైదానానికి కొల్లేటి ఎరువు

పందొమ్మిదివందల యాభైల్లో ఏలూరులో కుర్ర ప్లీడరుగా ఉన్న రోజుల్లో, సాయంత్రాలు ఆఫీసర్ల క్లబ్బుకి వెళ్లేవాణ్ణి. అక్కడ కేసులు దొరుకుతాయని ఎవరో చెప్పారు. దొరికింది పేకాట.

ఆ ఏడు ప్రెసిడెంటయిన ఇంజనీరుగారు ఊటీలో గోల్ఫు చూసొచ్చారు. ఆడలేదు, చూశారంతే. క్లబ్బు వెనక బీడులో గుంటలు తవ్వించి, జెండాలు పాతించి, ఏలూరుకి నాగరికత వచ్చిందన్నారు. గడ్డి మాత్రం రాలేదు. అమోనియా ఎరువు చల్లిస్తే ఉన్న గరిక కూడా మాడిపోయింది.

"సీమ ఎరువులు మన నేలకి పడవండీ. సేంద్రియం కావాలి," అన్నారాయన, అదేదో తనే కనిపెట్టినట్టు. పెంటపాడులో ఆయన మామగారు ఏటా చేలకి పెంట తోలించేవారు. కానీ క్లబ్బుకి పెంటంటే నామోషీ కదా! చేపల ఎరువు ఇంగ్లండులో వాడతారని ఎక్కడో చదివి, కొల్లేటి నుంచి పురుగు పట్టిన ఎండుచేపలు బళ్ల మీద తెప్పించారు.

బళ్లు తెచ్చిన ఆసామి బీడంతా కలయజూశాడు.

"ఏం పంటండీ ఇక్కడ?"

"గడ్డి," అన్నారు ఇంజనీరుగారు.

"గడ్డేం చేసుకుంటారండీ?"

"దాని మీద బంతి కొడతాం."

"అలాగేనండీ," అని మర్యాదగా చేపలు ఒంపేసి, ఎడ్లని అదిలించి వెళ్లిపోయాడు.

మర్నాటికి ఊళ్లో గద్దలూ కాకులూ కుక్కలూ క్లబ్బులో మెంబర్లయ్యాయి. మేం ముక్కులకి రుమాళ్లు కట్టుకుని పేకముక్కలు పంచుకున్నాం. ఇంజనీరుగారి భార్య, "ఏవండీ, దొడ్డిగుమ్మంలోంచి రండి. నూతి దగ్గర స్నానం చేసి మరీ రండి," అని ఆయన్ని వీధిలోనే ఆపేసేవారు.

ఆ కంపులోనే ప్రారంభోత్సవం జరిగింది. పై ఆఫీసరుగారు బంతి కొట్టారు. అది నాలుగు గజాలు దొర్లిందో లేదో, గద్ద వచ్చి తన్నుకుపోయింది.

"అబ్బ, ఎంత దూరం వెళ్లిందండీ!" అంటూ ఇంజనీరుగారు చప్పట్లు కొట్టారు. అందరం కొట్టాం. అందరికీ ఆ పై ఆఫీసరుగారితో పనులున్నాయి మరి.

వానలు పడ్డాక గడ్డి మోకాలెత్తు లేచింది. బంతి పడితే కనిపించేది కాదు. మా ఆఫీసర్లు గోల్ఫు కర్రలు మూలన పడేసి, పాడిగేదెల కోసం బంట్రోతుల చేత కొడవళ్లు పట్టించారు. ఎవరి మోపు పెద్దదన్న తగవుతో క్లబ్బు రెండుగా చీలిపోయింది. పేకాటకి కూడా వేరే బల్లలు వేసుకున్నారు.

ఇంతలో ఇంజనీరుగారికి తాడేపల్లిగూడెం బదిలీ అయింది. అక్కడి క్లబ్బు వెనకాలా ఖాళీ జాగా ఉందని విని, ఆ ఊరివాళ్ల మీద జాలిపడ్డాను.