చిన్న మాత్ర ఎవరి కడుపులోకి పోయింది

నంద్యాల బస్టాండు దగ్గర ఒక మందుల అంగట్లో నేను ఆరేళ్లు నిలబడ్డాను. నిజంగా నిలబడే ఉన్నాను, ఉన్న ఒక్క కుర్చీ ఓనరుది. తొంభైల చివర్లో ఫార్మసీ డిప్లొమా చేతికి రాగానే నేను సగం డాక్టరునని నాకొక నమ్మకం కుదిరింది. మిగతా సగం కూడా అక్కర్లేదని అప్పుడప్పుడూ అనిపించేది.

మా అంగట్లో బాగా పోయేది సెట్టు. పల్లెల నుంచి వచ్చేవాళ్లు డాక్టరు చీటీ తెచ్చేవాళ్లు కాదు. కౌంటరు మీద మోచెయ్యి ఆనించి, "ఒళ్లునొప్పుల సెట్టు ఇయ్యప్పా" అనేవాళ్లు. మేము మూడు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చేవాళ్లం. జ్వరానికీ నొప్పికీ తెల్లటి పారాసిటమాల్, నొప్పినీ వాపునూ లాగేసే ఎర్రటి డైక్లోఫినాక్, ఆ ఎర్రది కడుపును పాడు చేయకుండా ఒక చిన్న గ్యాసు మాత్ర. ఇంకేం మందులు వాడుతున్నారు, కడుపులో పుండు ఉందా, మూత్రపిండాలు బాగున్నాయా అని అడిగే పద్ధతి లేదు. ఒకసారి చదువుకున్న ఉత్సాహంలో ఒకాయన్ను అడిగాను. "అవన్నీ నీకెందుకప్పా, పిల్లనిస్తాండావా ఏమి?" అని ఆయన పక్క అంగడికి పోయాడు.

మా జేజి, అంటే మా నాయన తల్లి, ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే ఉండేది. ఆమెకు మోకాళ్లు అరిగిపోయాయి. ప్రతి ఆదివారం నేను బస్సెక్కి వారానికి సరిపడా సెట్లు పట్టుకుపోయేవాడిని. డాక్టరుకు చూపిద్దామని అమ్మ అంటే నాకు ఒళ్లు మండేది. ఇంట్లో నేనుండగా డాక్టరెందుకు?

జాగ్రత్తలు చెప్పడంలో మాత్రం నేనేమీ తక్కువ చేయలేదు. "జేజీ, చిన్నది తినకముందు. ఎర్రది అన్నం తిన్నాక. తెల్లది నొప్పి శానా ఉంటేనే. జలుబు మాత్ర ఏసుకున్న దినం తెల్లది ముట్టొద్దు, రెండిట్లోనూ అదే మందు ఉంటాది, ఎక్కువైతే లివరు చెడిపోతాది."

జేజి బుద్ధిగా తల ఊపేది. ఆ తల ఊపడాన్ని నేను నమ్మాను చూడండి, అక్కడ ఉంది నా తెలివి.

జేజికి సొంత వైద్యం ఉందని నాకు తర్వాత తెలిసింది. ఆమె లెక్కలో మాత్ర ఎంత పెద్దదైతే అంత బలం. ఎరుపు గట్టిది, తెలుపు మెత్తది. ఇక మెంతిగింజంత మాత్ర ఒంట్లోకి పోయి ఏం చేస్తుంది, దారిలోనే తప్పిపోతుంది. సోమవారం, శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దుగూకేదాకా అన్నం ముట్టదు. కానీ మాత్ర తిండి కాదు కాబట్టి దానితో ఒక్కపొద్దు చెడదు. ఆ రెండు రోజులూ తెల్లారగానే ఉత్త కడుపున, కాపీతో ఎర్రది గుటుక్కుమనిపించేది.

ఇట్లా ఎనిమిది నెలలు గడిచాయి. ఒక ఆదివారం నేను బస్సు దిగి వస్తుంటే ఎదురింటి అవ్వ అడ్డం వచ్చింది. ఆమెకూ మా జేజికీ ఎవరి ఊరగాయ మంచిదనే విషయంలో నేను పుట్టకముందు నుంచీ పడదు.

"అబ్బోడా, ఆ చిన్న మాత్రలు ఇంగ నాలుగు ఎక్కువ తేప్పా. నీ చెయ్యి బంగారం. కారం తింటే కడుపు కాలిపోతాండె నాకు. ఇప్పుడు మిరపకాయ బజ్జీలు అయిదు తిన్నా గమ్మునుంటాది."

"ఏ చిన్న మాత్రలవ్వా?"

"మీ జేజి ఇస్తాది గదా దినామూ. ఇది దేనికీ పనికి రాదు, నువ్వు తినుపో అని."

అంటే జేజి ఇన్నాళ్లూ చిన్నది లేకుండానే ఎర్రది మింగుతోంది. మన ఒంట్లో నొప్పినీ వాపునూ రేపే పదార్థమే కడుపు లోపలి గోడకు ఆమ్లం తగలకుండా కాపాడే జిగురును కూడా నిలబెడుతుంది. ఎర్రమాత్ర ఆ పదార్థాన్నే తయారు కానివ్వదు. మోకాలికి హాయి, కడుపుకు కష్టం. దీని మీద పరీక్షలో పేజీన్నర రాశాను, బొమ్మ కూడా వేశాను. ఆ కడుపు మా జేజిది కూడా కావచ్చని మాత్రం నాకు తట్టలేదు.

ఇంటికి పరిగెత్తాను. జేజి గడప దగ్గర కూచోనుంది. ముఖం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. వారం వారం చూస్తూనే ఉన్నాను, ఎండలకనుకున్నాను. కడుపులో నెత్తురు కారితే దొడ్డికి నల్లగా పోతుందని కూడా చదువుకున్నవాణ్నే.

"జేజీ, దొడ్డికి నల్లగా పోతాండావా?"

"థూ! ఏం మాటలురా అవి? నల్ల నువ్వుల ఉండలు తింటాండా. నల్లగా కాక తెల్లగా వస్తాదా?"

"తారు మాదిరి ఉంటాదా? ఎన్ని దినాల నుంచి?"

"పదైదు దినాలాయె. ఈసారి నువ్వులు అట్లాంటివి."

నన్ను తిట్టడానికని లేచి, తిట్టు పూర్తి కాకముందే తూలింది. పట్టుకున్నాను. చేతుల్లో బరువే తెలియలేదు. జేజి చచ్చిపోతుందని, చంపింది నేనేనని భయమేసి ఏడ్చేశాను. "నేనింగా పోలేదురా, ఆపు" అని ఆమె కసురుకుంది.

నాయన జీపు మాట్లాడి నంద్యాల ఆస్పత్రికి తీసుకొచ్చాడు. నోట్లోంచి గొట్టం వేసి చూస్తుంటే జేజికి కదలడానికి లేదు, కళ్లతోనే అందరినీ తిట్టింది. తర్వాత పక్క మంచం ఆమెతో, "నా కడుపులో టీవీ చూసినారమ్మా" అని చెప్పుకుంది. పుండు పడి నెత్తురు కారుతోంది. రెండు సీసాల నెత్తురు ఎక్కించాక, ఇక ప్రాణానికి భయం లేదని డాక్టరు చెప్పాడు. చెప్పి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరిచ్చారమ్మా నీకు ఇన్నాళ్లు ఈ మాత్రలు? వాడెవడో చెప్పు, లైసెన్సు తీయించేస్తా."

జేజి నా వైపు చూడనే లేదు. "ఎవురో సారూ. సంతలో గంప పెట్టుకోని అమ్ముతాండె. మొగం గుర్తు లేదు."

"మరి ఈ అబ్బాయి?"

"మా మనమడు. బట్టలంగట్లో ఉంటాడు. మందులంటే ఏందో కూడా ఎరగడు, పాపం."

"నేనే సార్ ఇచ్చింది" అన్నాను. "గ్యాసు మాత్ర కూడా ఇచ్చినాను సార్, ఈమె ఎదురింటామెకు..."

"అది వేసుకుని ఉంటే మాత్రం? ఈ వయసు మనిషికి ఎనిమిది నెలలు, ఎవరికీ చూపించకుండా, ఆ నొప్పి మాత్ర ఇస్తారా ఎవరన్నా?"

"ఇవ్వకూడదు సార్." పేజీన్నర రాసినవాడి జవాబు ఇప్పుడు రెండు మాటలు.

జేజి చెయ్యి ఎత్తబోయింది, సూది ఉందని మళ్లీ దించింది. "వాన్ని అరవొద్దు సారూ. వాడు అన్నీ సరిగ్గానే చెప్పినాడు. నేనే ఇన్లేదు."

ఆమె అబద్ధమాడినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఇది విన్నాక మాత్రం తల ఎత్తి ఆమె ముఖం చూడలేకపోయాను.