పేరు, తండ్రి పేరు

ప్రోగ్రాములు రాసే ప్రేమజ్యోతి, డేటాబేసులో ఒక్కో పని చేసిపెట్టే ఏ ప్రొసీజర్‌ను పిలిచినా, ఎంటర్ నొక్కే ముందు తెరమీద దానికి పంపే ఒక్కో విలువ కింద వేలు పెట్టి "ఇది ఎవరి పేరు?" అని పైకే అడుగుతుంది. పక్కవాళ్లు నవ్వుతారు.

ఆ అలవాటు రెండువేల ఆరులో, కడపలోని ఒక కంటి ఆసుపత్రిలో మొదలైంది. అక్కడి ప్రోగ్రాములన్నీ ఆమే రాసేది. డేటాబేసులో రోగిని నమోదు చేసే ప్రొసీజర్ పేరు, తండ్రి పేరు అనే రెండు పారామీటర్లను, అంటే తనకు పంపే విలువలను, ఆ వరుసలోనే తీసుకునేది. ఒకనాడు ఆమె నమోదు తెరను మారుస్తూ, పొరపాటున తండ్రి పేరును ముందు పంపింది. రెండూ పేర్లే కాబట్టి డేటాబేసు మారుమాట లేకుండా తీసుకుంది.

ఆపరేషన్ గది దగ్గర నర్సు పిలిచింది: "దేవదానం, తండ్రి ప్రకాశం!"

శుక్లం తీయించుకోవడానికి వేంపల్లె నుంచి వచ్చిన ముసలాయన ప్రకాశం. ఆయన తండ్రి దేవదానం. తోడొచ్చిన కొడుక్కీ తాత పేరే పెట్టారు.

"నా కండ్లు బాగనే ఉండాయి కదక్కా, నాకెందుకు ఆపరేషను?" అన్నాడు కొడుకు.

"మీ నాయన పేరు ఈడ లేదప్పా. డాక్టరు మళ్లా వచ్చే వారమే వస్తాడు."

"అంతవరకు గోడలు తడుముకుంటా ఉండల్లనా తల్లీ?" అన్నాడు ముసలాయన. "పోనీ, వాని పేరు మీదనే నా కన్ను కోయండి."

అందరూ నవ్వారు. పక్కనే కంప్యూటరు దగ్గరున్న ప్రేమజ్యోతి నవ్వలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి తప్పు తనదేనని చెప్పింది. ఆయన ప్రకాశాన్ని చివర్లో లోపలికి తీసుకున్నాడు.

మరునాడు పొద్దున, ఆసుపత్రి తెరవకముందే, ఆమె ఆ ప్రొసీజర్‌ను పిలిచే ప్రతిచోటా వరుస తారుమారైనా విలువ తన చోటికే చేరేలా, విలువ పక్కన దాని పారామీటర్ పేరు రాసింది. తర్వాత ఒక్కోదాని కింద వేలు పెట్టి, ఎవరి పేరని అడిగింది.