తమ్ముడు లేడని చెప్పి, తమ్ముడి కోసం తిరిగిన రోజు

కొడకండ్ల దగ్గరి మా ఊరికి ఒకరోజు సైకిల్ మీద ఒక సారు వచ్చి "సోమయ్య ఉన్నడా?" అని అడిగాడు. "లేడు, ఎటు పోయిండో తెల్వది" అన్నాను. అది మాకు అలవాటు. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో పోలీసులు చదువుకునే పిల్లల కోసం ఊర్ల మీద పడ్డప్పుడు, ఎవరి పేరు అడిగినా అందరం అదే చెప్పినం. పదేండ్లు దాటినా నోరు మారలేదు. కాని వచ్చింది పోలీసు కాదు, ప్రొబేషన్ ఆఫీసరు. నీళ్ల కాడి కొట్లాటలో మా తమ్ముడు సోమయ్య ఒకరి తల పగలగొట్టాడు. మొదటి తప్పని జనగామ కోర్టు వాడిని జైలుకు పంపలేదు. రెండేండ్లు మంచిగా ఉంటానని పూచీకత్తు రాయించుకొని, ఈ ఆఫీసరు నిఘాలో ఉంచింది. సారు రాకముందే తమ్ముడు భూపాలపల్లికి పనికి పోతూ, సారుకు ఆ మాట చెప్పమని నాకే అప్పజెప్పాడు. ఆఫీసులంటే నాకు బిడియం. పోలేదు. ఒక గురువారం పగలు సారు దగ్గరి నుంచి చీటీ వచ్చింది. రేపు సాయంత్రం ఐదులోపు మహబూబాబాద్‌లో ఆయన మకాం పెట్టిన ఆఫీసులో తమ్ముడు కనపడకపోతే పరారీ అని కోర్టుకు రాస్తారట. అంటే జైలే.

ఆఖరి బస్సుకు జనగామ చేరి బస్టాండులోనే పడుకున్నాను. తెల్లారి ఐదింటి బస్సు ఏడు కాకముందే హన్మకొండలో దింపింది. అక్కడి నుంచి పరకాల మీదుగా భూపాలపల్లి బస్సు. రెండు టికెట్లూ కలిపి పది రూపాయలు దాటలేదు. రేగొండ దగ్గర పోలీసులు నక్సలైట్ల కోసం బస్సు ఆపి సంచులన్నీ విప్పించారు. అరగంట పోయింది. జేబులో చీటీని గట్టిగా పట్టుకొని కూర్చున్నాను. దిగేసరికి పదిన్నర.

బొగ్గు కోసం బోర్లు వేసే క్యాంపు ఊరి బయట ఉంది. వంటశాల ముందు ఒకామె బియ్యం చెరుగుతోంది.

"అక్కా, సోమయ్య ఉన్నడా?"

"ఏ సోమయ్య? గట్లాంటోడు లేడు."

"కొడకండ్ల దిక్కోడు. నేను వాని అన్నను."

ఆమె నా చేతిలో సర్కారు చీటీ చూసింది. "వచ్చినోడల్లా గట్లనే అంటడు. మొన్నొకడు మేనమామనన్నడు, చూస్తే పోలీసు జమేదారు."

అక్కడే నిలబడ్డాను. ఎండ ఎక్కుతోంది. చివరికి ఆమెకే జాలేసినట్టుంది. "అన్నవైతే చెప్పు, వాడు ఏం కూర తినడు?"

"వంకాయ. తింటే మూతి వాస్తది."

"ఓ సోమయ్యా, బయటికి రా! మీ అన్న నిజమే!" అని కేకేసింది. బియ్యం బస్తాల వెనక నుంచి తమ్ముడు లేచాడు.

పదకొండింటి బస్సు పోనే పోయింది. పదకొండున్నరది దొరికింది. పరకాలలో డ్రైవరు చాయకు దిగి కదలడం లేదు. "అన్నా, జర జల్ది" అన్నాను. "ఏంది, నీ పెండ్లున్నదా?" అన్నాడు. "పెండ్లి గాదన్నా, ఐదు దాటితే నాకు జైలు" అన్నాడు తమ్ముడు. డ్రైవరు మా ఇద్దరినీ చూసి, చాయ పారబోసి బస్సెక్కాడు.

వరంగల్ స్టేషనులో మధ్యాహ్నం ప్యాసింజరు అందింది. మహబూబాబాద్‌కు గంటన్నర ప్రయాణం. కేసముద్రం దగ్గర బండి ఆగిపోయింది. తమ్ముడు తలుపు కాడ నిలబడి పట్టాలు చూస్తున్నాడు. దిగి ఉరికిపోతాడేమోనని వాడి అంగీ పట్టుకున్నాను. మహబూబాబాద్‌లో దిగినప్పుడు స్టేషను గడియారంలో పది తక్కువ ఐదు.

ఉరుక్కుంటూ ఆఫీసుకు చేరేసరికి ఆఫీసరు ఫైళ్లు కట్టేస్తున్నాడు. "ఎందుకు పారిపోయినవ్?" అని తమ్ముడిని అడిగాడు. "సర్కారు మారింది. శిక్ష పడాల్సినోళ్లను ఇట్ల బయట ఎందుకు ఉంచుడని పైన అడుగుతున్నరు. నీ అసొంటి ఒక్క పరారీ చాలు, ఈ పద్ధతే బంద్ చేస్తరు. చెప్పు."

"మా అన్న చెప్పలేదు సార్" అంటే వాడు బయటపడేవాడు. అనలేదు. నేల చూస్తూ నిలబడ్డాడు.

"నేనే సార్. మీకు చెప్పమన్నడు, చెప్పలే. లేడన్నది గూడ నేనే. యాడున్నడో తెల్సి అన్న."

"అబద్ధం చెప్పినవని రాస్తే నీ మీద కేసైతది."

"రాయుండ్రి సార్."

ఆయన కాగితం నా ముందుకు తోశాడు. జరిగింది నా చేత్తో రాయమన్నాడు. నాలుగు లైన్లకు చాలాసేపు పట్టింది. ఆయన చదివి, ఫైలులో పరారీ అన్న మాట కొట్టేశాడు. "నెలకోసారి నువ్వే వచ్చి కనపడు, పని చేసుకో" అని తమ్ముడికి చెప్పాడు. నా కాగితం మాత్రం తిరిగి ఇవ్వలేదు. మడిచి ఫైలులోనే పెట్టుకున్నాడు.

బయట తమ్ముడు "అన్నా, నువ్వు గంత మాట్లాడంగ ఎన్నడు చూడలే" అన్నాడు. ఇద్దరం పూరీలు తిన్నాం.

తమ్ముడి రెండేండ్లు సాఫీగా గడిచాయి. ఆ కాగితం సంగతి ఎవరూ ఎత్తలేదు గాని, చాలాకాలం ఖాకీ బట్ట కనపడితే నేను పక్క సందులోకి తప్పుకునేవాడిని. జైలు తప్పించే పద్ధతి మంచిదే. కాని అది మాకోసమే వచ్చిందని మా ఊర్లో ఎవరికి తెలుసు? ఆ సారు మొదటిసారే అరుగు మీద కూర్చొని తానెవరో, ఎందుకొచ్చాడో చెప్పి ఉంటే, నేను కుర్చీ వేసేవాడినే. ఆయన తప్పూ లేదు, అట్లా తిరగడానికి ఆయనకెన్ని ఊర్లో. మీ ఇంట్లో ఎవరైనా ఇట్లా పూచీకత్తు మీద ఉంటే నాది ఒక్కటే మాట. పనికని ఊరు దాటేముందు ఆ మనిషే పోయి ఆఫీసరుకు కాగితం ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. అన్న చెప్తాడులే అని వదిలేయొద్దు.